భుజం దగ్గర మొదలుపెట్టండి

ఊలు పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది డిజైన్ల గురించి. ఆకుల డిజైను ఎలా, జడ డిజైను ఎలా అని. శ్రద్ధ ఉంటే ఆ రెండూ వారం రోజుల్లో వస్తాయి. స్వెట్టరు తొడుక్కున్న మనిషి చెయ్యి పైకెత్తితే కింది అంచు ఎంత దూరం పోతుందో ముందే చెప్పగలగడానికి మాత్రం నాకు ఏడెనిమిదేళ్లు పట్టింది. అది నేర్పింది ఒక పుస్తకం, ఒక నర్సమ్మ, నా భార్య మల్లమ్మ. ముగ్గురిలో పుస్తకాన్ని ఎక్కువ నమ్మాను. నా పెద్ద తప్పు అక్కడే జరిగింది.

ఇప్పుడు వేళ్లు సూదుల్ని గట్టిగా పట్టడం లేదు. కలం పట్టగలుగుతున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. ముఖ్యంగా నిండుగా, లావుగా ఉండే మనుషులకు అల్లడం గురించి. సన్నటి మనిషికి స్వెట్టరు కాస్త అటూ ఇటూ అయినా వేలాడుతుంది, పైకి కనిపించదు. లావుపాటి మనిషి దగ్గర మన పొరపాటు ప్రతి అంగుళంలో కనిపిస్తుంది. లోకం మాత్రం ఆ పొరపాటు ఆ మనిషిదే అంటుంది.

గొంగడి ఇంటి పిల్లవాణ్ణి

మాది ధారూరు దగ్గర ఒక పల్లె. మేము కురుమలం. నాయన గొర్రెలు కాసేవాడు, గొంగళ్లు నేసేవాడు. అమ్మ ఉన్ని వడికేది. నూలుకు చింతగింజల గంజి పట్టించడం, ఎండకు ఆరేయడం నా పని. ఆ వాసన ఇప్పటికీ నాకు ఇల్లు గుర్తు చేస్తుంది.

గొంగడికి కొలత ఉండదు. పొడుగు ఇన్ని మూరలు, వెడల్పు ఇన్ని మూరలు, అంతే. ఎవరు కప్పుకున్నా సరిపోతుంది. అందుకే, పోలీసు చర్య అయిన మరుసటి ఏడు చలికాలంలో వికారాబాదులో ఒక అల్లిక కేంద్రంలో పనికి కుదిరినప్పుడు, మనిషిని కొలిచి ఉన్నితో బట్ట చేయడం నాకు గారడీలా అనిపించింది.

మూడు సైజుల మాస్టరు

కేంద్రాన్ని నడిపించేది కరీం మాస్టరు. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి. ఆయన చేతి పని గురించి ఒక్క మాట తక్కువ చెప్పినా నాకు పాపం తగులుతుంది. సూది మీద ఎక్కే ఒక్కో ఉంగరాన్ని మేము కుట్టు అనేవాళ్లం. ఆయన మాట్లాడుతూ అల్లినా, కిటికీలోంచి బజారు చూస్తూ అల్లినా ఆ కుట్లన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు ఉండేవి. అల్లేముందు జానెడు నమూనా ముక్క అల్లాలి, దాన్ని ఉతికి ఆరబెట్టి, అప్పుడు అంగుళానికి ఎన్ని కుట్లో లెక్క చూసుకోవాలి అని నేర్పింది ఆయనే. ఉతకని ముక్కను నమ్మకండి. ఊలు నీళ్లు తాగాక గానీ అసలు స్వభావం బయటపెట్టదు.

కానీ గోడకు ఆయన ఒక అట్ట తగిలించాడు. చిన్న, నడిమి, పెద్ద. మూడే సైజులు. చిన్నదానికి అన్ని కొలతలూ రెండేసి అంగుళాలు పెంచితే నడిమిది, ఇంకో రెండు పెంచితే పెద్దది. మెడ, భుజం, చెయ్యి, అన్నీ ఒకే లెక్కన పెరగాలి. నలభై అంగుళాల ఛాతీ దగ్గర అట్ట అయిపోయింది.

ఒకరోజు గుమ్మంలోకి నిండు మనిషి ఒకామె వచ్చింది. చేతిలో నల్లటి తోలు సంచి. స్వెట్టరు కావాలంది. మాస్టరు ఆమెను పైనుంచి కిందికి చూసి, ఆమెకు వినబడేలాగే నాతో అన్నాడు:

"అరే కిష్టా, దునియాల మనుషులవి మూడే సైజులు. నాలుగోది వస్తే మీ నాయన గొంగడి కప్పుకోమను!"

గదిలో అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మా నాయన పనిని కూడా ఎగతాళి చేశాడని తట్టలేదు, పెద్దాయన నన్ను పేరు పెట్టి పిలిచాడన్న సంబరంలో ఉన్నాను. ఆమె మాకంటే గట్టిగా నవ్వి, "మంచిదే సాబ్, జాగర్తల ఉంచుతా మీ మాట" అని వెళ్లిపోయింది.

నాకు ఆ సంచి గుర్తుండిపోయింది, ముఖం గుర్తులేదు. ముఖం చూడకుండా నవ్వాను కాబట్టి.

చదువు

నాకు బడి చదువు నాలుగో తరగతి దాకే. ఆ తర్వాతి చదువంతా గ్రంథాలయంలో. వికారాబాదు గ్రంథాలయంలో బల్ల చివర, కిటికీ పక్క కుర్చీ నాదని అక్కడి అయ్యవారు కూడా ఒప్పుకున్నాడు. గొర్రెల పెంపకం, నక్షత్రాలు, నీతి కథలు, కూడబలుక్కుంటూ ఇంగ్లీషు అల్లిక పుస్తకాలు, ఏది దొరికితే అది. ఆ చదువు నాకు గర్వం. ఇప్పటికీ దాచుకోను.

ఒకసారి దాయీలకు, అంటే మంత్రసానులకు, పాఠాలు చెప్పే పుస్తకం ఒకటి దొరికింది. అందులో మనిషి అస్థిపంజరం బొమ్మ. భుజం ఎముకల్ని చూస్తూ సగం పూట కూర్చున్నాను. మనిషి లావైతే కండ పెరుగుతుంది, కొవ్వు పెరుగుతుంది. ఎముక పొడుగవదు కదా! మరి మాస్టరు అట్ట భుజాన్ని ఎందుకు పెంచుతోంది? మా దగ్గర పెద్ద సైజు కొన్నవాళ్ల భుజాలు మోచేతి వైపు ఎందుకు జారుతున్నాయో, మెడ బావిలా ఎందుకు తెరుచుకుంటోందో ఆ రోజు అర్థమైంది.

పరుగున వెళ్లి మాస్టరుకు చెప్పాను. ఆయన సూదులు ఆపకుండానే, "ఎముకలు చూసి అల్లుతవా? ఎముకలు కొంటయా స్వెట్టర్లు?" అన్నాడు.

అదే నా మొదటి నియమం. లావుపాటి మనిషికి అల్లేటప్పుడు ఛాతీ దగ్గర మొదలుపెట్టకండి, భుజం దగ్గర మొదలుపెట్టండి. ఈ ఎముక కొస నుంచి ఆ ఎముక కొస దాకా కొలిచి, భుజం ఆ కొలతకే కట్టుబడి అల్లండి. మిగతా వెడల్పు చంక కింద నుంచి కలపండి.

ఇది తెలిశాక నాకు అన్నీ తెలిసిపోయాయనుకున్నాను.

కలరా ఉండల వాసన

పెళ్లయ్యాక తాండూరులో, స్టేషనుకు పోయే దారిలో చిన్న దుకాణం పెట్టాను. మల్లమ్మ మా కులపు పిల్లే. చదువు రాదు. వడకడంలో మా అమ్మను మించింది. దుకాణం నేలంతా నున్నటి తాండూరు బండలు. చలికాలం పొద్దున పాదం పెడితే జివ్వుమనేది. ఊరి వాళ్లలో సగం మంది కన్నడం కలిపి మాట్లాడేవారు. బేరాలకు రెండు భాషలూ పనికొచ్చేవి.

సరోజమ్మను ఊళ్లో అందరూ పెద్ద నర్సమ్మ అనేవాళ్లు. సర్కారు దవాఖానలో పని. కాన్పు ఎక్కడుందంటే అక్కడికి తెల్లవారుజామునైనా బండి కట్టించుకుని పల్లెలకు పోయేది. చాలా భారీ మనిషి. ఎవరైనా ఆమె ఒంటి గురించి అనేలోపే తనే అనేసి నవ్వించేది. మా దుకాణం మెట్టెక్కుతూ, "కిష్టన్నా, మెట్టు గట్టిదేనా? నేను ఎక్కుతున్న, తర్వాత నన్ను అనొద్దు" అంది.

విషయం నవ్వులాట కాదు. ముందటేడు చలిలో ఆమెకు న్యుమోనియా వచ్చింది. ఈ ఏడు మళ్లీ వస్తే పల్లెలకు పోవడం మాన్పించి దవాఖానలో రిజిస్టరు దగ్గర కూర్చోబెడతానని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. శాలువా కప్పుకుంటే పని చేసేటప్పుడు జారుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి.

"రిజిస్టరు కాడ కూసుంటే నేను సచ్చిపోత అన్నా. పుట్టినప్పుడు పిల్ల ఏడ్సే ఏడ్పు ఇనకపోతే నాకు తెల్లారదు" అంది.

కొలతలు మల్లమ్మ తీసుకుంటుందన్నాను. మగవాణ్ణి, ఆడవాళ్ల కొలతలు నేను తీసేవాణ్ణి కాదు. సరోజమ్మ ఒప్పుకోలేదు. నల్లటి తోలు సంచిలోంచి మడిచిన రవిక ఒకటి తీసి ఇచ్చింది. "ఇగో, ఆది రైక. దర్జీకి ఇదే ఇస్త. కొలతలు గిలతలు ఎందుకు?"

మన దగ్గర ఆడవాళ్లు దర్జీకి కొలతలివ్వరు, సరిపోయే పాత రవిక ఒకటి ఆదిగా ఇస్తారు. దాన్ని చూసి దర్జీ కొత్తది కుడతాడు. తరతరాల మర్యాద అది. నాకూ సుఖమే. రవికను బండ మీద పరిచి కొలిచాను. చీర మందానికి, కొంగు మందానికి నాలుగు అంగుళాలు కలిపాను. భుజం ఎముక లెక్కన పెట్టాను. మిగతాదంతా ఆ దాయీల పుస్తకం బొమ్మలో ఉన్న నిష్పత్తి ప్రకారం కట్టాను. మెరూను ఊలుతో పదహారు రోజులు అల్లాను. అంత శ్రద్ధగా అంతకుముందు ఏదీ అల్లలేదు.

తొడుక్కోవడానికి ఆమె వచ్చినప్పుడు దుకాణంలో ఇంకో నలుగురు ఉన్నారు. భుజం దివ్యంగా కూర్చుంది. అంతవరకే. గుండీలు కాజాల దరిదాపుల్లోకి రాలేదు. చేతులు మోచేయి పైన బిగుసుకుపోయాయి. చెయ్యి ఎత్తబోతే స్వెట్టరు మొత్తం మెడమీదికి లేచింది. ఎవరో కిసుక్కున నవ్వారు. సరోజమ్మ వాళ్లకంటే గట్టిగా నవ్వింది.

"నీ పని బంగారం లెక్క ఉంది కిష్టన్నా. నా ఒళ్లే మంచిగ లేదు. ఏం జేస్తవ్!"

స్వెట్టరు మడిచి సంచిలో పెట్టుకుని దిగిపోయింది. ఆ నవ్వు, ఆ సంచి. ఎక్కడో చూశానని అనిపించింది, అందలేదు.

నేను చెయ్యాల్సింది ఒకటి చెయ్యలేదు. ఆ రవికను ముక్కుతో చూడలేదు. తర్వాత మల్లమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్క క్షణంలో చెప్పింది:

"ఏందయ్యా, గిది రోజు తొడిగే రైకనా? కలరా ఉండల వాసనొస్తుంది. చంకల చెమట మరక లేదు. లోపల కుట్లు ఒక్కటన్న ఇప్పలే. ఇది పెట్టెల దాచుకున్న రైక!"

నిజమే. ఒళ్లు పెరిగేకొద్దీ ఆడవాళ్లు రవిక లోపలి కుట్లు ఒక్కోటీ విప్పుకుంటారు. దీనికి ఒక్కటీ విప్పలేదు. ఎముకలు చదివినవాణ్ణి, గుడ్డను చదవలేకపోయాను.

"మరి అబద్ధం ఎందుకు చెప్పినట్టు? నా పదహారు రోజులు పోయె. ఆమె ఒంటికి..." అంటున్నాను.

"ఒళ్లు తప్పెట్లయితదయ్యా? ఒంటికి స్వెట్టరా, స్వెట్టరుకు ఒళ్లా?" అంది మల్లమ్మ. నూలు కండె ఒకటి కొంగున కట్టుకుని సరోజమ్మ ఇంటికి బయలుదేరింది.

మల్లమ్మ నూలు

రెండు గంటలకు తిరిగి వచ్చింది. చేతిలో నూలు పోగుల కట్ట, చంకలో నా మెరూను స్వెట్టరు. ముఖం మామూలుగా లేదు.

"ఆ రైక ఆమె మొదటి నౌకరీల చేరినప్పటిదంట. ఎవ్వరికీ తన కొలత చెప్పదు. ఎందుకో తెల్సా? వికారాబాదుల ఒక దుకాణంల అడిగితే గొంగడి కప్పుకోమన్నరంట. అందరు నవ్విన్రంట. నవ్వినోళ్లల్ల ఒక పిలగాడు గీయనే అన్నది. నిన్ను గుర్తుపట్టే వచ్చిందయ్యా. 'ఇప్పుడు పెద్దగైండు గదా, నేర్సుకోని ఉంటడనుకున్న' అన్నది."

ముఖం చూడకుండా నవ్వానని ముందే రాశాను కదా. ఆమె నా ముఖం చూసింది.

మల్లమ్మకు టేపు మీద అంకెలు రావు. అది ఆ రోజు పెద్ద మేలు చేసింది. ఆమె నూలు పోగు చుట్టి, సరిపోయిన చోట ముడి వేసి తెంపేది. మెడకు ఒక ముడి, ఛాతీకి రెండు, నడుముకు మూడు, చేతి కండకు చివర ఉచ్చు. ఒక్క అంకె బయటికి రాలేదు. అంకె వినబడకపోయేసరికి సరోజమ్మ ఊపిరి బిగబట్టకుండా నిలబడిందట. అంతేకాదు, మల్లమ్మ ఆమెను కూర్చోబెట్టి నడుము మళ్లీ కొలిచింది. "కాన్పప్పుడు ఎట్ల వంగుతవో అట్ల వంగక్కా" అని వీపు కొలిచింది. చేతులు పైకెత్తించి పక్కలు కొలిచింది. ఛాతీ మీదుగా ముందు వైపు పొడుగు వేరు, వెనుక పొడుగు వేరు. ముందు పోగు జానెడు దాకా పెద్దది.

నా పుస్తకాల్లో మనిషి ఎప్పుడూ నిలబడే ఉన్నాడు. చేతులు కిందికి వేలాడేసి. అలా నిలబడి బతికేవాళ్లు ఎవరున్నారు?

ఆ పోగుల్ని బండల మీద వరుసగా పరిచాను. నమూనా ముక్కను ఒక్కో పోగు వెంట పెట్టుకుంటూ పోయి ఎన్ని కుట్లో చూసుకున్నాను. అంగుళాలు లేవు.

రెండో అల్లిక

పాతదాన్ని విప్పాను. విప్పిన ఊలు ముంగురుల్లా చుట్టుకుపోతుంది. చిలపగా, అంటే వదులు చుట్టగా చుట్టి, తడిపి, కింద బరువు కట్టి ఆరేయాలి. ఇక్కడ పెద్ద చిక్కు వచ్చింది. మెరూను చాలదు. అదే రంగు ఇంకో కట్ట హైదరాబాదులోనూ దొరకలేదు. ఒకే రంగు పేరున్నా వేరే తడవ రంగులో ముంచినది పక్కన పెడితే వెలిసినట్టు కనిపిస్తుంది. చలి ముదురుతోంది. సరోజమ్మకు దగ్గు మొదలైందని తెలిసింది.

ఊరికి పోయాను. నాయన దగ్గర పిల్ల గొర్రెలకు మొదటిసారి కత్తిరించిన నల్ల ఉన్ని ఉంది. అది మెత్తగా ఉంటుంది, గుచ్చుకోదు. విషయం చెప్పాను, నవ్విన సంగతితో సహా. నాయన ఉన్ని మూట కట్టి ఇచ్చి, "గంజి పట్టియ్యకు, మెత్తగుండాలె" అన్నాడు. మల్లమ్మ నాలుగు రోజుల్లో సన్నగా వడికింది.

ముందు, వెనుక, చేతులు మెరూనులో. నడుము నుంచి చంక దాకా, చంక నుంచి మోచేతి దాకా కిందివైపు నల్ల పట్టీ. కావలసిన వెడల్పంతా ఆ పట్టీలోనే ఇచ్చాను. చంకను లోతుగా కిందికి దించలేదు. గుర్తుంచుకోండి, చంక లోతు ఎక్కువైతే చెయ్యి ఎత్తినప్పుడల్లా మొత్తం స్వెట్టరు లేస్తుంది. చంక పైకే ఉండాలి, చేతి వెడల్పు విడిగా పెరగాలి. ఛాతీ దగ్గర ముందు భాగానికి కొన్ని వరుసలు సగం దాకా అల్లి వెనక్కి తిరిగాను, మళ్లీ సగం దాకా, మళ్లీ వెనక్కి. అక్కడ గుడ్డ గిన్నెలా లోతవుతుంది, కింది అంచు చుట్టూ సమానంగా నిలుస్తుంది. గుండీల్లో మొదటిది ఛాతీ అన్నిటికంటే నిండుగా ఉన్న చోట పెట్టాను. తక్కినవి దాని పైకీ కిందికీ సర్దాను. పైనుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే సరిగ్గా అక్కడే నోరు తెరుచుకుంటుంది.

వదులు మరీ ఎక్కువ ఇవ్వలేదు. లావుపాటి వాళ్లకు సంచి తొడిగితే చాలనుకునేవాళ్లు ఉన్నారు. అది కూడా ఒక రకం నవ్వే.

ఈసారి మేమే ఆమె ఇంటికి తీసుకుపోయాం. ఆమె దాన్ని తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. తర్వాత బయటికి వచ్చింది. గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. నేను తల దించుకుని, "నర్సమ్మా, ఆ రోజు వికారాబాదుల..." అని మొదలుపెట్టాను.

ఆమె చంక కింది నల్ల పట్టీని వేళ్లతో నలిపి చూస్తోంది. "ఇది గొర్రె బొచ్చు గద?"

"మా నాయన ఇచ్చిండు. గొంగడి ఉన్ని."

"సూసినవా మరి! గొంగడి కప్పుకోమన్నరు. నేను ఏకంగా తొడుక్కున్న!" అని నవ్వింది. ఈసారి ఎవరికంటేనూ గట్టిగా నవ్వలేదు, మామూలుగా నవ్వింది. వంగి బల్ల కింద చెప్పులు తీసుకుంది. లేచి చేతులు చాచింది. అంచు కదలలేదు. "ఇగ బండి కట్టమను చెల్లె. పెద్దేముల్ దిక్కు ఒక పిల్ల నొప్పుల మీదుంది" అంది మల్లమ్మతో.

ఆ చలికాలమంతా ఆమె పల్లెలకు తిరిగింది. రిజిస్టరు దగ్గర ఇంకెవరో కూర్చున్నారు.

ఆ తర్వాత

నల్ల పట్టీని జనం కొత్త డిజైను అనుకున్నారు. సన్నటి వాళ్లు కూడా అడిగి వేయించుకున్నారు. భారీ మనుషులు పరిగి నుంచి, నవాబుపేట నుంచి వచ్చేవారు. అందరూ ఒకేలా భారీ కాదని వాళ్ల వల్లే తెలిసింది. మూటలు మోసే హమాలీకి భుజమే వెడల్పు. మిఠాయి దుకాణం ఆయనకు పొట్ట ముందుకు, వీపు చదును. ఒకే చుట్టుకొలత ఉన్న ఇద్దరికి ఒకే స్వెట్టరు సరిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. కరీం మాస్టరు ఒకసారి దుకాణానికి వచ్చి పట్టీని తిప్పి తిప్పి చూశాడు. "నా అట్ట తీసేసిన కిష్టా" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట ఉండదు.

ఆరేడేళ్లకు, సెంటీమీటర్ల టేపులు కొత్తగా వచ్చిన రోజుల్లో, సరోజమ్మ ఆ స్వెట్టరే పట్టుకుని వచ్చింది. దుకాణం నిండా జనం. మెట్టు గురించి ఏమీ అనలేదు. "కిష్టన్నా, పట్టీ ఇంకింత ఎడల్పు చెయ్యాలె. మళ్ల జర పెరిగిన" అంది. మల్లమ్మ ఎప్పటిలా నూలు కండె తీసింది.

"నూలెందుకే చెల్లె? కొత్త టేపున్నది గద. నువ్వు పట్టు, మీ ఆయన సదువుతడు. గట్టిగనే సదువు అన్నా."

అందరి మధ్యలో రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. మల్లమ్మ టేపు చుట్టి, వేలు పెట్టిన చోటు నాకు చూపింది. నేను చదివాను.

"గంతేనా?" అంది సరోజమ్మ, చేతులు దించకుండానే. "ఇన్నేండ్లు నేను ఇంకా ఎక్కువనుకున్న."